మామయ్యగారి సేకరణ ప్రదర్శనకి పెడుతున్నాం: పాత అరబిక్ రాత, ఆధునిక చిత్రాలు ఒకే గదిలో పెట్టొచ్చా?

మలక్‌పేట_కోడలు
మా మామయ్యగారికి 81 ఏళ్లు. కరెంటు ఆఫీసులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. జీతంలో సగం జుమ్మెరాత్ బజార్ కబాడీ వాళ్లకే పోసేవారని అత్తయ్యగారు ఇప్పటికీ అంటుంటారు. అలా యాభై ఏళ్లలో ఇంట్లో చేరినవి: బిద్రీ (నల్ల లోహం మీద వెండి పొదిగిన పని) హుక్కా బుడ్లు తొమ్మిది, పాన్‌దాన్లు, ఒక ఉగాల్‌దాన్, అరబిక్ లిపిలో చేత్తో రాసిన కాగితాలు పదకొండు, రెండు నీలం పెంకులు. వీటితో పాటు 70, 80లలో ఆయన స్నేహితులైన ఆర్టిస్టుల దగ్గర కొన్న పెయింటింగులు, ఎచింగులు (రేకు మీద గీసి కాగితం మీద అచ్చు తీసిన బొమ్మలు) ఓ ఇరవై. ఆ రోజుల్లో వందకీ రెండొందలకీ వచ్చాయట.

ఒక్కసారైనా నలుగురికీ చూపించాలని ఆయన కోరిక. ఒక గ్యాలరీ వాళ్లతో మాట్లాడాం. వాళ్లేమో "ఇస్లామిక్ సామాను వేరే, మోడర్న్ వేరే. రెండూ కలిపితే చూసేవాళ్లకి అర్థం కాదు, రెండు ప్రదర్శనలు చేయండి" అన్నారు. అంటే రెండు అద్దెలు. మామయ్యగారేమో ఒకే గది అని మంకుపట్టు. ముఖ్యంగా ఒక జత ఉంది. ఒకటి, అక్షరాల మీద అక్షరాలు రాసి పూర్తిగా నల్లబడిపోయిన పాత కాగితం. రెండోది, ఆయన స్నేహితుడు నల్ల ఇంకుతో వేసిన, తలా తోకా లేని మోడర్న్ చిత్రం. "ఈ రెండూ పక్కపక్కనే ఉండాలి, లేకపోతే ప్రదర్శనే వద్దు" అంటారు. ఎందుకు అంటే చెప్పరు. ఆయన తీరే అంత.

నా ప్రశ్నలు: ఒకే గదిలో పెడితే తప్పా? ఖురాన్ పేజీలు మేం ప్రదర్శిస్తే ఎవరైనా నొచ్చుకుంటారా? చట్టం, లైట్లు, ఇన్సూరెన్స్ సంగతి ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

చౌరస్తా_చందు
ముందు అత్తయ్యగారిని ప్రదర్శనలో పెట్టండి. యాభై ఏళ్లు ఆ సామాను దులిపిన చేతులవి.

దక్కనీ_బాషా
మాది శాలిబండ. మా తాతయ్య ఉర్దూ పత్రికలో కాతిబ్. 1990లలో కంప్యూటర్ వచ్చేదాకా పేపరంతా చేత్తోనే రాసేవాళ్లు, కాతిబ్ అంటే ఆ పని చేసే మనిషి.

ఖురాన్ పేజీలు గౌరవంగా చూపిస్తే ఎవరూ ఏమీ అనుకోరు. నడుం ఎత్తుకి పైన పెట్టండి. గోడకి తగిలించేటప్పుడు నేల మీద పరచకండి, టేబుల్ వేసుకోండి. చెప్పుల స్టాండు, బాత్‌రూమ్ ఉన్న గోడకి వద్దు. ఇంతకు మించి ఏమీ లేదు.

కానీ అవి నిజంగా ఖురాన్ పేజీలేనా? ఆ లిపిలో ఏది కనిపించినా ఖురాన్ అనుకోవడం మనవాళ్లకి అలవాటు. ఒకాయన ఫ్రేమ్ కట్టించి గోడకి పెట్టుకున్న కాగితం మా తాతయ్య దగ్గరికి తెచ్చి చదవమన్నాడు. తీరా చూస్తే బియ్యం దుకాణం బాకీల చిట్టా. పదకొండింటిలో ఏది ఏమిటో ముందు చదివించండి.

చౌరస్తా_చందు
@దక్కనీ_బాషా ఆ బాకీలు తీరాయా మరి?

దక్కనీ_బాషా
తాతయ్య చదువుతుంటే ఆయన ముఖం చూసి ఇంకెవరం అడుగుతాం.

పెదవాల్తేరు
గ్యాలరీ వాళ్లు చెప్పిందే కరెక్ట్. ఇస్లామిక్ కళ అంటే మతానికి సంబంధించింది. దాని పక్కన పిచ్చిగీతలు పెడితే ఇద్దరికీ అవమానమే. మామయ్యగారి మీద గౌరవంతోనే అంటున్నా, పెద్దాయన ముచ్చట వేరు, ప్రదర్శన వేరు.

గీతలమ్మ
@పెదవాల్తేరు హుక్కా బుడ్డిలో, ఉగాల్‌దాన్‌లో మతం ఎక్కడుంది సార్? ఒకదానితో పొగ పీల్చారు, రెండోదాంట్లో పాన్ ఉమ్మారు. "ఇస్లామిక్ కళ" అన్న పేరే తికమక పేరు. స్పెయిన్ నుంచి బీజాపూర్ దాకా, వెయ్యేళ్లకు పైగా ముస్లిం రాజ్యాల్లో తయారైన మసీదు పెంకు, కత్తి పిడి, తివాచీ, రాజుగారి బొమ్మ అన్నిటినీ ఒక్క మూటలో కట్టేశారు. మన ఇడ్లీనీ పంజాబీ వాళ్ల పరాఠానీ కలిపి "హిందూ టిఫిన్" అన్నట్టు.

పిచ్చిగీతల మాటకి వస్తే, అరబ్ దేశాల్లో, ఇరాన్‌లో గత శతాబ్దపు ఆధునిక చిత్రకారుల్లో చాలామంది మొదలుపెట్టిందే పాత అక్షరాల నుంచి. హర్ఫ్ అంటే అక్షరం, ఆ ధోరణికి హురూఫియా అని పేరు. ఇరాన్ శిల్పి పర్వీజ్ తనావొలి 1965 నుంచి "హీచ్" అనే ఒక్క మాటనే శిల్పాలుగా చేస్తూ వచ్చారు. హీచ్ అంటే ఏమీ లేదు, శూన్యం అని. నస్తాలీఖ్ అనే వంపుల రాత పద్ధతిలో ఆ మాట మెడ వంచి కూర్చున్న మనిషిలా ఉంటుంది. ఆయన దాన్ని కుర్చీలో కూడా కూర్చోబెట్టారు.

మన ఎం.ఎఫ్. హుస్సేన్ కూడా చిన్నప్పుడు బరోడా మదరసాలో ఉండగా అక్షరాలు అందంగా రాయడం నేర్చుకున్నవారే. ఆయన గుర్రం మెడ దగ్గర ఆ గీత ఊపు చూడండి.

కాబట్టి ఒకే గది తప్పు కాదు. అయితే ఏది ఏ పక్కన పెట్టారో దానికి కారణం ఉండాలి. ఊరికే సగం సగం నింపితే అది ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ స్టాల్ అవుతుంది.

పెదవాల్తేరు
కారణం ఆయన చెప్పడం లేదనే కదా అసలు గొడవ.

షార్జా_సుబ్బు
గీతలమ్మగారు చెప్పింది నేను కళ్లారా చూశాను. షార్జా ఆర్ట్ మ్యూజియంలో బర్జీల్ ఫౌండేషన్ వాళ్ల సేకరణ ఉంటుంది. సుల్తాన్ సఊద్ అల్ ఖాసిమీ అనే ఆయన సొంతంగా కూడబెట్టిన అరబ్ ఆధునిక చిత్రాలు, 2010లో ఫౌండేషన్ పెట్టి జనానికి చూపిస్తున్నారు. శుక్రవారం ఏసీ కోసం వెళ్లినవాణ్ణి, ఒక బొమ్మ దగ్గర ఆగిపోయా. సూడాన్ చిత్రకారుడు ఇబ్రహీం ఎల్ సలాహీ 1964లో వేసిన "ద లాస్ట్ సౌండ్". మట్టిరంగు మీద నెలవంకలు, అక్షరాలో పక్షులో తెలియని ఆకారాలు.

తర్వాత ఆయన గురించి చదివా. వాళ్ల నాన్న ఇంట్లోనే ఖురాన్ బడి నడిపేవారు. పిల్లల పలకల మీద అలంకారాలు వేయడంతో ఈయన బొమ్మల పని మొదలు. లండన్ స్లేడ్ ఆర్ట్ స్కూల్లో చదువుకుని ఖార్టూమ్ తిరిగొచ్చి ప్రదర్శన పెడితే జనం పట్టించుకోలేదు. ఇది మనది కాదనుకున్నారు. అప్పుడు బొమ్మ మూలన చిన్న చిన్న అరబిక్ అక్షరాలు రాయడం మొదలుపెట్టాడు. అవి చదవడానికి జనం దగ్గరికొచ్చారు. క్రమంగా అక్షరాలు పెద్దవై, విరిగి, ముఖాలైపోయాయి.

అదే ఊళ్లో ఇస్లామిక్ నాగరికత మ్యూజియం వేరే భవనంలో ఉంది. నేను రెండూ ఒకే రోజు చూశాను కాబట్టి సంబంధం కొంచెం తెలిసింది. ఒకే గదిలో ఉంటే ఇంకా ముందే తెలిసేది. నా ఓటు మామయ్యగారికే.

కాగితం_పురుగు
పాత కాగితాలు బాగుచేసే పని నాది, ఇరవై రెండేళ్లుగా. కళ సంగతి మీరు తేల్చుకోండి, లైట్ల గురించి నేను చెబుతా.

కాగితం మీద పని ఏదైనా, పాత రాతైనా నిన్నటి ఎచింగైనా, 50 లక్స్ (వెలుతురు కొలత) దాటకూడదు. మామూలు ఆఫీసు గదిలో దీనికి ఆరు నుంచి పదింతలు వెలుతురు ఉంటుంది. చూసేవాళ్లు "చీకటిగా ఉంది" అని తిడతారు, తిట్టనివ్వండి. వెలుతురు చేసే నష్టం బ్యాంకు వడ్డీ లాంటిది. రోజూ కాస్త కాస్తే అయినా కూడుతూ పోతుంది, రంగు వెలిసిందంటే తిరిగి రాదు. అందుకే మ్యూజియంలో కాగితాలను కొన్ని నెలలు చూపించి మళ్లీ చీకట్లో పెడతారు. కిటికీ ఎదురు గోడ అసలే వద్దు. నూనె రంగుల పెయింటింగులు 200 దాకా తట్టుకుంటాయి. ఒకే గదిలో పెడితే ఇదే చిక్కు: కాగితాలకి తగ్గ వెలుతురులో పెయింటింగులు డల్‌గా కనిపిస్తాయి. పెయింటింగు మీదికే పడేలా చిన్న లైటు బిగించుకోవాలి.

ఫ్రేమ్ అద్దం కాగితాన్ని తాకకూడదు. మధ్యలో యాసిడ్ లేని అట్ట మౌంట్ ఉండాలి. వర్షాకాలంలో అద్దానికి చెమ్మ పట్టి సిరా దానికి అంటుకుంటే విడదీయడానికి నా లాంటివాళ్లు నెల కూర్చోవాలి. సెల్లో టేప్, ఫెవికాల్ దగ్గరికి రానివ్వకండి. ఇక లామినేషన్. ఒక కుటుంబం జాగ్రత్త అనుకుని నిజాం కాలం నాటి ఫర్మానాని జెరాక్స్ షాపులో లామినేట్ చేయించి తెచ్చింది. చేతిలో పట్టుకుని ఏం చెప్పాలో తెలియక టీ తెప్పించా.

బిద్రీకి: బ్రాసో రాయకండి. బిద్రీ లోహం ఎక్కువగా జింకు, అందులో కొంచెం రాగి. బీదర్ కోట మట్టి, నవసాగరం కలిపి పట్టిస్తే జింకు నల్లబడుతుంది, వెండి తీగ మాత్రం తెల్లగానే ఉంటుంది. మీరు గట్టిగా పాలిష్ చేస్తే పోయేది ఆ నలుపే. మెత్తటి పొడి గుడ్డ చాలు.

మలక్‌పేట_కోడలు
@కాగితం_పురుగు చచ్చాం. రెండు బుడ్లకి చింతపండు పెట్టి తోమేసిందట పనమ్మాయి, 2009లో. మామయ్యగారు అప్పుడు మూడు రోజులు అన్నం తినలేదు.

చౌరస్తా_చందు
పులిహోర పెట్టుంటే తినేవారేమో.

వకీల్_వేణు
చట్టం సంగతి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన వస్తువు పురావస్తువు. రాతప్రతులకైతే 75 ఏళ్లే. ఇంట్లో పెట్టుకోవచ్చు, ప్రదర్శించుకోవచ్చు. దేశం దాటించడానికి మాత్రం వీల్లేదు, వ్యాపారంగా అమ్మాలంటే లైసెన్సు కావాలి. ప్రతి పాత వస్తువుకీ నమోదు అక్కర్లేదు. శిల్పాలు, చిత్రాలు, బొమ్మలో అలంకారమో ఉన్న రాతప్రతులు లాంటి కొన్ని రకాలకే. మీ కాగితాల్లో బంగారు అంచు, రంగు పూలు ఉన్నవి ఉంటే ఫొటోలు తీసి రిజిస్టరింగ్ ఆఫీసర్ దగ్గర నమోదు చేయించండి.

ఆధునిక చిత్రాల్లో రవివర్మ, ముగ్గురు టాగోర్లు, అమృతా షేర్‌గిల్, జామినీ రాయ్, నందలాల్ బోస్, రోరిక్, శైలోజ్ ముఖర్జీ, ఈ తొమ్మిది మందివి వందేళ్లు కాకపోయినా బయటికి పంపకూడదు. మీ దగ్గర వీళ్లవి లేవనుకుంటా.

ఇన్సూరెన్స్: ఇంటి పాలసీలో ఇవి రావు. ప్రదర్శనకి వేరేగా తీసుకోండి, మేకు నుంచి మేకు దాకా అని అడగండి. అంటే మీ ఇంటి గోడ నుంచి దిగి, అక్కడ ఉండి, తిరిగి మీ గోడకి ఎక్కేదాకా. దారిలో ఆటోలో పగిలినవే ఎక్కువ.

నిమ్మకాయ_సోడా
ఇంత తలనొప్పి ఎందుకు? సాలార్‌జంగ్ మ్యూజియానికి ఇచ్చేస్తే పోలా? అదీ ఒక్క మనిషి కూడబెట్టిందే కదా.

గీతలమ్మ
ఆ ఒక్క మనిషి హైదరాబాద్ దివాన్‌గా చేసిన మూడో సాలార్‌జంగ్. పెళ్లి లేదు, పిల్లలు లేరు. 1949లో పోయారు. 1951లో ఆయన దివాన్‌దేవడి ప్యాలెస్‌లోనే మ్యూజియాన్ని నెహ్రూ ప్రారంభిస్తే, మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి 1968లో మారింది. వస్తువులు 43 వేలు, రాతప్రతులు 9 వేలు. అందులో చూపించేది ఎంత? మామయ్యగారి బుడ్డి అక్కడికి వెళితే స్టోర్‌లో ఇంకో బుడ్డి పక్కన కూర్చుంటుంది.

ఇంకోటి గమనించారా? అక్కడ మూడు గంటలకి గడియారం బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంటే రెండొందల మంది ఉంటారు, ముసుగు రెబెక్కా పాలరాతి శిల్పం దగ్గర సెల్ఫీల క్యూ ఉంటుంది. ఖురాన్‌లు ఉన్న గదిలో నేనూ సెక్యూరిటీ ఆయనా.

దక్కనీ_బాషా
నిజం. ఆ గదిలోకి మా తాతయ్య వెళితే సెక్యూరిటీ ఆయన కుర్చీ ఇచ్చేవాడు.

నిమ్మకాయ_సోడా
సరే, సలహా వెనక్కి తీసుకున్నా.

గీతలమ్మ
అక్కర్లేదు, మంచి ఉదాహరణ ఇంకోటి ఉంది. జగదీశ్ మిత్తల్, కమల దంపతులు హైదరాబాద్‌లోనే ఉండి సేకరించినవన్నీ 1976లో ట్రస్టుకి రాసేశారు. బిద్రీ అంటే దేశంలో ముందు చెప్పుకునే సేకరణల్లో అదొకటి. ఆయనా శాంతినికేతన్‌లో చదివిన చిత్రకారుడే. అంటే పాతవి ఏరుకున్నవాడు, కొత్త బొమ్మలు వేసినవాడు ఒకే మనిషి.

కువైట్_రమణ
మాది రాజంపేట దగ్గర. కువైట్‌లో డ్రైవర్‌ని, 17 ఏళ్లు. మేడంని యర్మూక్ కల్చరల్ సెంటర్‌లో దింపి కార్లో కూర్చునేవాణ్ణి. ఒక రోజు ఎండకి తట్టుకోలేక లోపలికెళ్లా. షేక్ నాసర్, ఆయన భార్య షేకా హుస్సా సేకరించినవంట. ఇరాన్, ఈజిప్టు వస్తువులతో పాటు మన దక్కన్ సామాను కూడా ఉంటుందని అక్కడే తెలిసింది. ఊరు కాని ఊళ్లో మనూరి పేరు కనిపిస్తే ఎట్లుంటుందో మీకు చెప్పలేను.

వాళ్ల కథ వినండి. 1983లో దార్ అల్ అథార్ అని పేరు పెట్టి నేషనల్ మ్యూజియంలో జనానికి చూపించారు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చింది. ఉన్నవన్నీ మూటకట్టి బాగ్దాద్‌కి తరలించి, భవనం తగలబెట్టారు. మొరాకో ఫెజ్ నగరం నుంచి తెచ్చిన 14వ శతాబ్దం పెద్ద చెక్క తలుపులు మొయ్యలేక వదిలేస్తే అవి అక్కడే కాలిపోయినాయి. కానీ అప్పటికే వందకు పైగా మేలైన వస్తువులు రష్యాలో లెనిన్‌గ్రాడ్ హెర్మిటేజ్ మ్యూజియంలో ప్రదర్శనకి పోయున్నాయి. అవి బయట ఉన్నాయి కాబట్టే బతికినాయి. దేశం లేకపోయినా ఆ పెట్టెలు ఊరూరా తిరిగినాయి. 1991లో ఐక్యరాజ్యసమితి వాళ్ల సమక్షంలో ఎక్కువ భాగం తిరిగొచ్చినాయి, కొన్ని రాలేదు.

అంత వెనక్కి తేవడానికి ఏ వస్తువు ఎట్లుంటుందో చెప్పే కాగితం చేతిలో ఉండాల కదా. అమ్మా, ముందు లిస్టు రాయించు. ఫొటోలు తీయించు. మీ మామయ్య బతికుండగానే ఏది ఎక్కడ కొన్నాడో రాయించు.

కాగితం_పురుగు
@కువైట్_రమణ మా డిపార్ట్‌మెంట్‌లో పాఠం చెప్పాల్సిన మనిషి మీరు.

పెదవాల్తేరు
రమణగారి పోస్టు బాగుంది. అయినా నల్ల కాగితం పక్కన నల్ల బొమ్మ ఎందుకో ఇంకా ఎవరూ చెప్పలేదు.

మలక్‌పేట_కోడలు
ఇదిగో ఆ కాగితం ఫొటో పెట్టాను. జానెడు వెడల్పు, జానెడున్నర పొడుగు. అక్షరాలు అడ్డంగా, నిలువుగా, తలకిందులుగా కూడా ఉన్నాయి. ఫ్రేమ్ ఏ పక్క పైకి పెట్టాలో కూడా మాకు తెలియదు. బాషాగారూ, ఇది ఏ సూరా, అంటే ఖురాన్‌లో ఏ అధ్యాయం?

దక్కనీ_బాషా
సూరా కాదమ్మా. ఫొటో చూడగానే మా తాతయ్య చాప గుర్తొచ్చింది. దీన్ని సియా మష్క్ అంటారు. మష్క్ అంటే సాధన, సియా అంటే నలుపు. రాత నేర్చుకునేవాళ్లు ఒక అక్షరం వంపు కుదిరేదాకా మళ్లీ మళ్లీ రాస్తారు. అప్పట్లో కాగితం ఖరీదు, వదలరు. ఒక పక్క నిండగానే తిప్పి ఆ పక్క, అదీ నిండితే సందుల్లో. చివరికి ఇలా నల్లబడుతుంది. రాత నస్తాలీఖ్. ఎడమ పక్క కింద మూల చూడండి, "కాఫ్" అనే అక్షరం పై గీత ఒక్కటే పదకొండు సార్లు ఉంది. ఎనిమిదో దాని దగ్గర కలం జారింది, తొమ్మిదోది నెమ్మదిగా రాశాడు. సిరా అక్కడే చిక్కగా ఉంది.

ఇరాన్‌లో ఇదే పెద్ద కళ అయిపోయింది. 19వ శతాబ్దంలో మీర్జా గులాం రజా లాంటి ఉస్తాదులు కావాలనే ఇలాంటివి రాసి సంతకం పెట్టేవారు. మీదానికి సంతకం కనిపించడం లేదు. నా లెక్కలో నేర్చుకునే కుర్రాడిదే. మా తాతయ్య ఇలాంటివి వందలు రాశారు, మా నాయనమ్మ పొయ్యి రాజేసింది.

అన్నట్టు తలకిందులు ప్రశ్నకి జవాబు లేదు. కాగితం తిప్పుతూ రాసినదానికి పైనా కిందా ఉండవు.

గీతలమ్మ
చదవడానికి కాకుండా గీత కోసం రాసిన అక్షరం! ఇంతకన్నా అబ్‌స్ట్రాక్ట్ ఏముంది. మామయ్యగారు ఎందుకు పక్కపక్కనే అంటున్నారో నాకు అర్థమైంది.

మలక్‌పేట_కోడలు
మీకు సగమే అర్థమైంది. బాషాగారి పోస్టు మామయ్యగారికి చదివి వినిపించాను. "ఎనిమిదో దాని దగ్గర కలం జారింది" అన్నచోట ఆపమన్నారు. భూతద్దం తెప్పించుకుని లెక్కపెట్టారు. తర్వాత నోరు విప్పారు.

ఆ నల్ల బొమ్మ వేసిన స్నేహితుడు 1974లో జ్వరం వచ్చి మా ఇంట్లోనే పదిహేను రోజులు పడుకున్నాడట. మంచం ఎదురుగా గోడకి ఈ కాగితం ఉండేది. ఆయనకి ఉర్దూ ఒక్క ముక్క రాదు. లేచాక అత్తయ్యగారి కాటుక బరిణె పక్కన కూర్చుని, ఇంకుతో ఈ బొమ్మ వేసి, మందుల ఖర్చు కింద ఇచ్చి వెళ్లాడట. ఆయన పోయి చాలా ఏళ్లయింది. "ఇది దానికి బిడ్డ. రెండు గదుల్లో ఎలా పెడతాను" అన్నారు.

పెదవాల్తేరు
ఈ మాట మొదటి పోస్టులోనే చెప్పుంటే నేను ఇన్ని పోస్టులు వేసేవాణ్ణి కాదు. ఒకే గది.

షార్జా_సుబ్బు
పెదవాల్తేరుగారు ఒప్పుకున్నారు! స్క్రీన్‌షాట్ తీసుకోండి ఎవరైనా.

కాగితం_పురుగు
లేబుల్ మీద "ఖురాన్ పేజీ" అని ఇదివరకే అచ్చు వేయించి ఉంటే తీసేయండి. "రాత సాధన కాగితం, రాసినవారు తెలియదు" అంటే చాలు. తెలియంది తెలియదని రాయడంలో తప్పు లేదు, వేరే పేరు తగిలిస్తేనే తప్పు.

మలక్‌పేట_కోడలు
తీసేశాం. గ్యాలరీకి నమస్కారం పెట్టేసి, మా కాలనీ కమ్యూనిటీ హాల్ నాలుగు రోజులకి తీసుకున్నాం. కిటికీలకి దళసరి నల్ల గుడ్డ కట్టిస్తున్నాం. బాషాగారు ఆదివారం వచ్చి మిగతా పది కాగితాలూ చదివారు: ఖురాన్ పేజీలు మూడు, ఫారసీ గజళ్లు నాలుగు, ఉత్తరాలు రెండు, ఒకటి గుర్రపు దాణా లెక్క. దాణా లెక్క కూడా పెడుతున్నాం, రాత అంత బాగుంది.

చందుగారి మొదటి పోస్టు అత్తయ్యగారికి చూపించాను. నవ్వలేదు. పెన్ను తెమ్మని పెద్ద హుక్కా బుడ్డికి ఆవిడే లేబుల్ రాశారు: "బిద్రీ హుక్కా బుడ్డి. 1978లో నా కమ్మలు తాకట్టు పెట్టి కొన్నది."

కాగితం_పురుగు
వస్తువు ఎలా చేతులు మారిందో ఇంత సూటిగా చెప్పిన లేబుల్ నేను ఏ మ్యూజియంలోనూ చూడలేదు. ఒక్క అక్షరం మార్చకండి.

మలక్‌పేట_కోడలు
మార్పించేశారు అప్పుడే. మామయ్యగారు చదివి, "విడిపించాను కదా, అది కూడా రాయి" అన్నారు. ఆవిడ కింద ఇంకో లైను చేర్చారు: "1983లో విడిపించారు."